గ్లవ్ చాటు మాటలు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా అమ్మ నోట తిట్టు, మా ఆయన నోట ఎగతాళి, మా మేనేజర్ నోట మాత్రం మెచ్చుకోలు. ఒక బ్యాంకులో కార్డు మోసాలు కనిపెట్టే విభాగంలో నా ఉద్యోగం. ఏళ్ళ తరబడి కాఫీ, కూరగాయలు తప్ప ఏమీ కొనని మనిషి ఒక మధ్యాహ్నం వరసగా మూడు టీవీలు కొంటే నా స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలుగుతుంది. ఆ మనిషిని నమ్మాలో వద్దో తేల్చడానికి నాకు జీతం ఇస్తారు. అనుమానం పెనుభూతం అంటారు మనవాళ్ళు. నార్త్ యార్క్‌లో మా కాండో ఫ్లాట్‌కి సగం అద్దె కడుతున్నది ఆ పెనుభూతమే.

బేస్‌బాల్ కూడా నేను అలాగే చూస్తాను. మేమిద్దరం క్రికెట్ తాగి పెరిగినవాళ్ళం కాబట్టి ఈ ఆట మా ఇంట్లోకి క్రికెట్ వేషంలోనే వచ్చింది. పిచ్చర్‌ని మా ఆయన బౌలర్ అంటారు, క్యాచర్‌ని కీపర్ అంటారు. పరిగెత్తేవాడు ఒక్కొక్కటిగా అందుకోవాల్సిన మజిలీలు బేస్‌లు; వాటిలో మూడోదాని పక్కన గీత బయట నిలబడే కోచ్‌ని చూసి, క్రికెట్‌లో సరిగ్గా అదే దిక్కున అంపైర్ ఉంటాడు కదా అని, మొదటి ఏడాది చాలా రోజులు ఆయన్ని లెగ్ అంపైర్ అనుకున్నారు. అంపైర్ అయితే మా టీమ్ యూనిఫామ్ ఎందుకు వేసుకున్నాడని నాకు అనుమానం వచ్చాకే నిజం బయటపడింది. ఆ కోచ్ పని సైగలు చేయడం. టోపీ ముట్టుకుని, చెవి ముట్టుకుని, గుండె మీద రాసుకుని బ్యాటర్‌కి రహస్యంగా ఏదో చెప్తాడు. పరిగెత్తుకొచ్చేవాడు ఆగాలో, ఇంకా ముందుకు పోవాలో చేతులు ఊపి చెప్తాడు. నిజం తెలిసినా మా ఇంట్లో ఆయన పేరు లెగ్ అంపైరే.

మాకొక ఆనవాయితీ ఉంది. ఏటా సీజన్ ఆఖరి మ్యాచ్ అయిపోయాక వచ్చే ఆదివారం, భోజనాలు కాగానే, ఆ ఏడాది గొప్పగా ఆడిన పదిమందికి వరస కడతాం. ఎవరి పదిమందిని వాళ్ళు చెప్పుకోవాలి, అవతలివాళ్ళు తప్పులు పట్టాలి. వాదన తెగాక తేలిన పది పేర్లూ ఫ్రిజ్ మీదకి ఎక్కి, మళ్ళీ సీజన్ దాకా అక్కడే ఉంటాయి. పేపర్లవాళ్ళూ, టీవీవాళ్ళూ ఇచ్చే ర్యాంకులు మేం ముందుగా చూడం. విలేకరులతో నవ్వుతూ మాట్లాడేవాడికి రెండు మెట్లు ఎక్కువ వేస్తారని నా నమ్మకం. రుజువు లేదు, కానీ నమ్మకం ఉంది.

గత సీజన్‌కి మేం ముగ్గురం అయ్యాం. మామగారు పోయిన ఏడాదికి, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద మా అత్తగారు వచ్చారు. వచ్చింది ఏప్రిల్‌లో, ఆట మొదలైన వారమే. ముందు మా దగ్గర, తర్వాత ఎప్పుడు కావాలంటే అప్పుడు నాలుగు గంటల కారు ప్రయాణం దూరంలో, విండ్సర్‌లో మా మరిది వాళ్ళింట్లో అన్నది ఒప్పందం. ఎప్పుడు కావాలో ఎవరికి కావాలో ఎవరూ అనుకోలేదు. సెప్టెంబర్ వచ్చేసరికి అది నాకు కావాల్సి వచ్చింది. సీజన్ అయిపోగానే ఆవిణ్ణి విండ్సర్ పంపించేద్దామని మా ఆయనకి చెప్పాను.

"చలికాలం పోనీవే. అక్కడ పొద్దున్నే ఇద్దరూ రెండు కార్లేసుకుని వెళ్ళిపోతారు. కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని చోటది. అమ్మ రోజంతా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోవాలి" అన్నారు మా ఆయన.

ఆయన చెప్పిందంతా నిజమే. ఇక్కడైతే కనీసం లిఫ్ట్ దిగితే మనుషులు కనబడతారు, సబ్‌వే మీదుగా మాల్‌కి నడిచి వెళ్ళిరావచ్చు. అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకంటే అప్పటికే నేను ఒక తీర్పుకి వచ్చేశాను. మా అత్తగారికి నేనంటే గిట్టదు. నా దగ్గర సాక్ష్యాలు ఉన్నాయి.

మొదటిది, పలకరు. వంటింట్లోంచి "అత్తయ్యా, కాఫీ పెట్టనా" అని అడిగితే సోఫాలోంచి ఉలుకూ పలుకూ ఉండదు. కాఫీ పెట్టమననా అని మా ఆయన స్నానాల గదిలోంచి అడిగితే "పెట్టమను రా, చక్కెర తగ్గించి" అని జవాబు వస్తుంది. ఒకటి రెండుసార్లు అయితే ఏదో పరధ్యానం అనుకుంటాం. ప్రతిసారీ కొడుకు గొంతు వినబడి కోడలి గొంతు వినబడకపోతే దాన్ని ఏమనుకోవాలి? ఈ విషయం మా ఆయనతో అంటే, "నీ గొంతు సన్నం, పిచ్చుకలా ఉంటుంది" అని నవ్వేశారు.

రెండోది, "అలాగేలేమ్మా". ఎదురుగా నిలబడి ఏం చెప్పినా ఆవిడ చిరునవ్వుతో అనే మాట అదొక్కటే. రేపు ఫైర్ అలారం టెస్ట్ ఉంది, గోల చేస్తుంది కంగారు పడకండి అంటే అలాగేలేమ్మా. ఆ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకండి అంటే అలాగేలేమ్మా. సాయంత్రానికి ఆ డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంటుంది. నోటితో మెచ్చి నొసటితో వెక్కిరించడం అంటే ఇదేనని నాకు అనిపించేది.

మూడోది కుక్కర్. మీటింగ్‌లో ఉంటాను, మూడు విజిల్స్ రాగానే కట్టేయండని చెప్పి వెళ్తే, నేను వచ్చేసరికి పప్పు బొగ్గయింది. ఆవిడ పక్క గదిలో కూడా కాదు, పొయ్యికి నాలుగు అడుగుల దూరంలో డైనింగ్ టేబుల్ దగ్గర బీరకాయలు చెక్కు తీస్తున్నారు. ఒకసారి మాడిస్తే రెండోసారి పని చెప్పరన్న సూత్రం నేను అత్తవారింట్లో కొత్తకోడలిగా ఉన్నప్పుడు కనిపెట్టిందే. నా విద్య నాకే చూపిస్తున్నారనుకున్నాను.

నాలుగోది నన్ను ఎక్కువ మండించింది. వారానికి రెండు రోజులు నాకు ఇంటినుంచే పని. పడగ్గదిలో తలుపు వేసుకుని మీటింగుల్లో మాట్లాడుతుంటాను. ఒకరోజు మంచినీళ్ళకని చప్పుడు కాకుండా బయటికి వస్తే, హాల్లో పాత మ్యాచ్ ఏదో వస్తోంది, టీవీ మ్యూట్‌లో ఉంది. ఆవిడ స్టూల్ వేసుకుని తెరకి దగ్గరగా కూర్చుని ఉన్నారు. టీవీ నోరు ఎందుకు నొక్కుతారు ఎవరైనా? నా మాటలు వినడానికి కాకపోతే? ఆ తర్వాత మరో రెండుసార్లు కావాలనే బయటికి వచ్చి చూశాను. రెండుసార్లూ మ్యూటే.

ఇక విండ్సర్ ఫోన్లు. రోజూ మా తోడికోడలు డ్యూటీ దిగాక వీడియో కాల్ చేస్తుంది. మా అత్తగారు ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్తారు, తలుపు వేస్తారు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. అవతల వాళ్ళు అనే మాట నాకు చేరకూడదన్నమాట. ఆవిడ వైపు నుంచి మాత్రం ముక్కలు ముక్కలుగా వినబడేది. "ఏమోనమ్మా, ఆ అమ్మాయి అంతే." ఆ అమ్మాయి ఎవరో తెలుసుకోవడానికి బ్యాంకు ఉద్యోగం అక్కర్లేదు.

ఇంత జరుగుతున్నా సాయంత్రం ఏడింటికి మ్యాచ్ మొదలైతే ఇద్దరం టీవీ ముందు పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఇది నాకే విచిత్రంగా ఉండేది. ఆటని ఆవిడ పట్టేశారు. రూల్స్ ఎవరూ చెప్పలేదు, చూసి చూసి నేర్చుకున్నారు. పేర్లు మాత్రం ఒక్కటీ రాదు. కామెంటేటర్ రోజుకి వందసార్లు అరిచే పేరు కూడా ఆవిడ నోట పలికేది కాదు. అందరికీ సొంత పేర్లు పెట్టుకున్నారు. క్యాచర్ ముసుగబ్బాయి. మొదటి బేస్ దగ్గర ఉండే భారీ మనిషి గడ్డపాయన. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ రెండువేళ్ళవాడు. ఇద్దరు అవుట్ కాగానే చూపుడువేలూ చిటికెనవేలూ పైకెత్తి, వెనక దూరంగా నిలబడ్డవాళ్ళకి చూపిస్తాడు కాబట్టి ఆ పేరు.

నాకు ఇష్టమైన ఆటగాడు మా ఎడమచేతి పిచ్చర్. ఆవిడ వాడికి పెట్టిన పేరు దొంగ.

"వాడేం చేశాడు అత్తయ్యా" అని అడిగాను ఒకసారి, ఆవిడ వైపు తిరిగి.

"చూడు, ఆ ముసుగబ్బాయి అంత దూరం నడిచొచ్చి మొహం చూపించి మాట్లాడుతుంటే, వీడు నోటికి గ్లవ్ అడ్డం పెట్టుకుంటాడు. నోరు దాచుకునేవాడు దొంగ కాక దొరా?"

నాకు ఇష్టమైనవాడు కాబట్టి అంటున్నారనుకున్నాను. మనిషిని అనలేక మనిషి మెచ్చినవాణ్ణి అనడం కొత్తేం కాదు. నేను లేచి, పాత్రలు కాస్త గట్టిగా చప్పుడయ్యేలా సర్దాను. ఆవిడ తల కూడా తిప్పలేదు. అదీ నా లెక్కలోకే వెళ్ళింది.

మా టీమ్ అక్టోబర్‌లో కొంత దూరం పోయి ఆగిపోయింది. ఎవరెవరో ఫైనల్స్ ఆడుకున్నారు. ఆదివారం వచ్చింది. ఆ పై శనివారం విండ్సర్ ప్రయాణం. ఆవిడ గదిలో పెట్టె తెరిచి ఉంది, చీరలు సగం సర్ది ఉన్నాయి. ఎందుకు పంపిస్తున్నారని ఆవిడ అడగలేదు. మా ఆయన చెప్పిననాడు "మంచిది రా" అన్నారట, అంతే. ఆ మంచిది కూడా నాకు నచ్చలేదు. వెళ్ళడానికి అంత తయారుగా ఉన్నారంటే అక్కడ ఏదో ముందే మాట్లాడుకున్నారన్నమాట.

గుత్తివంకాయ కూర, పప్పుచారు తిని ముగ్గురం టేబుల్ దగ్గరే కూర్చున్నాం. ముందు మా ఆయన వంతు. ఆయన మొదటి స్థానం ఎప్పుడూ బంతిని స్టాండ్స్‌లోకి కొట్టేవాడిదే. చిన్నప్పటి సిక్సర్ల మోజు ఇంకా వదల్లేదు. ఆ ఏడాది కుడివైపు ఫీల్డర్ ఒకడు ఎన్నడూ లేనన్ని హోమ్ రన్‌లు కొట్టాడు.

"వాడి కాంట్రాక్ట్ ఈ ఏడాదితో ఆఖరు. పైగా సగానికి సగం సొంత గ్రౌండ్‌లో, గోడ దగ్గరగా ఉన్న వైపు కొట్టినవే. ఎన్నేళ్ళుగానో మామూలుగా ఆడినవాడు బేరం ముందు ఒక్కసారిగా ఉబ్బాడంటే నాకు అనుమానం. ఇదే కార్డు అయితే బ్లాక్ చేసేదాన్ని" అన్నాను.

"నువ్వు మన పెళ్ళిచూపుల్లో కూడా ఇలాగే చూశావు నన్ను" అన్నారాయన.

నా వరసలో మొదటివాడు ఎడమచేతి పిచ్చరే. వాడి లెక్క ఎక్కడా ఉబ్బదు, ఎక్కడా కుంగదు. బేస్‌ల నిండా మనుషులున్నా అదే మొహం. ఊరికే ఎవరికీ బేస్ ఇవ్వడు. రెండో స్థానం ఎవరూ పట్టించుకోని సెకండ్ బేస్‌మన్‌కి ఇచ్చాను. పెద్ద దెబ్బలు లేవు, కానీ ఏదో ఒకలా బేస్ చేరతాడు. ముసుగబ్బాయిని పదో స్థానంలో పెట్టాను. పక్కన పడ్డ బంతిని గ్లవ్‌తో అరంగుళం లోపలికి జరిపి పట్టుకుని, అంపైర్‌ని నమ్మించడంలో వాణ్ణి మించినవాడు లేడు. ఆటలో దాన్ని నైపుణ్యం అంటారు. నా ఆఫీసులో అయితే కేసు పెడతారు. ఆ పదో స్థానం కూడా మా ఆయన బతిమాలితే ఇచ్చింది.

"నువ్వు చెప్పమ్మా" అన్నారు మా ఆయన.

మా అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుని కాస్త సర్దుకుని కూర్చున్నారు. చాలా రోజులుగా ఆలోచించి పెట్టుకున్నట్టు తడుముకోకుండా చెప్పారు.

"నాకు అందరికంటే ముందు లెగ్ అంపైర్."

మా ఆయన పగలబడి నవ్వారు. "అమ్మా, ఆయన ప్లేయర్ కాదే. బ్యాటు పట్టడు, బంతి పట్టడు."

"పట్టకపోతేనేం రా. ఎవడు ఆగాలో ఎవడు పోవాలో ఆయన చేతులు చూస్తే నాకే తెలుస్తుంది. అంత వివరంగా ఈ ఊళ్ళో నాతో ఎవరు చెప్పారు ఏదైనా?"

ఆ ఆఖరి మాట నాకే తగిలింది. కావాలనే తగిలించారనుకున్నాను.

"రెండోది ముసుగబ్బాయి. ఏం చెప్పాలన్నా ముసుగు పైకెత్తి, మొహం చూపించి, చేత్తో చూపించి చెప్తాడు. ఆ తర్వాత రెండువేళ్ళవాడు. ఎంతమంది అవుట్ అయ్యారో వాడి వేళ్ళు చూస్తే చాలు. ఆ తర్వాత గడ్డపాయన. అవతలి టీమ్ వాడు బేస్ మీదకొచ్చినా నోరారా పలకరిస్తాడు. ఎంత స్పష్టమైన నోరో."

"మరి మా ఎడమచేతి వాడు?" అని అడిగాను.

"వాడొద్దు."

"ఏడాదంతా వాడే కదా అత్తయ్యా గెలిపించింది."

"గెలిపిస్తే గెలిపించనీ. గ్లవ్ చాటున మాట్లాడేవాడు నా వరసలో లేడు. ఏమంటున్నాడో ఎలా తెలియాలి?"

"తెలియకూడదనే కదమ్మా అడ్డం పెట్టుకునేది. అవతలివాళ్ళు పెదాలు చూసి మాట పట్టేస్తారని" అన్నారు మా ఆయన.

"పట్టుకోనివ్వొచ్చుగా" అన్నారావిడ.

మా ఆయన మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేదు. నా స్క్రీన్ మీద వెలిగే ఎర్ర గుర్తు లాంటిది ఏదో లోపల వెలిగింది.

మా పనిలో ఒక్క ఖర్చుని చూసి ఏమీ చెప్పలేం. అన్నిటినీ ఒక వరసలో పెట్టి చూడాలి. ఆవిడ ఎంచిన నలుగురినీ అలా పెట్టి చూశాను. ఒకడు చేతులతో చెప్పేవాడు, ఒకడు మొహం చూపించి చెప్పేవాడు, ఒకడు వేళ్ళతో చెప్పేవాడు, ఒకడు నోరు బాగా తెరిచి మాట్లాడేవాడు. గొప్పగా ఆడినవాళ్ళ వరస కాదది. ఆవిడతో మాట్లాడినవాళ్ళ వరస. ఆ తర్వాత, నేను అడక్కుండానే, మిగతావన్నీ వచ్చి పక్కన చేరాయి. మ్యూట్‌లో ఉన్న టీవీ. కుక్కర్. ఇయర్‌ఫోన్స్. పలకని సోఫా. ఒక్క పేరూ రాకపోవడం.

కానీ నేను ఏదీ పరీక్షించకుండా నమ్మను. మా ఆయన సోఫాలో కునుకు తీస్తున్నారు. వంటింట్లో నేను పళ్ళాలు కడుగుతుంటే ఆవిడ పక్కన నిలబడి తుడుస్తున్నారు. కడిగిన పళ్ళెం ఒకటి, మరక ఉందేమో చూస్తున్నట్టు, మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాను. గొంతు తగ్గించలేదు. రోజూ మాట్లాడే గొంతుతోనే అన్నాను.

"అత్తయ్యా, మీరు విండ్సర్ వెళ్ళిపోతే నాకు హాయిగా ఉంటుంది."

ఉప్పు సరిపోయిందా అని అడిగి ఉండొచ్చు. రేపు వాన పడుతుందట అని ఉండొచ్చు. విన్నవాళ్ళెవరూ విననట్టు ఉండలేని మాట అయితేనే పరీక్ష సరిగ్గా తేలుతుందని అలా అన్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది కొంతే నిజం. నెలరోజులుగా నోటి దాకా వచ్చి ఆగిన మాటకి ఆ పళ్ళెం చాటు దొరికింది.

ఆవిడ పళ్ళెం వైపు చూశారు. పళ్ళెం దించాక నా మొహం వైపు చూశారు. నేను ఏదో అన్నానని ఆవిడకి తెలిసింది. ఎప్పటిలాగే చిరునవ్వు నవ్వారు.

"అలాగేలేమ్మా" అన్నారు. నా చేతిలోని పళ్ళెం తీసుకుని తుడిచి అరలో పెట్టారు.

నాకు భయం వేసింది. జాలి తర్వాత వచ్చింది, ముందు వచ్చింది భయమే. ఏప్రిల్ నుంచి ఆవిడ నాకు ఎన్ని అలాగేలేమ్మాలు ఇచ్చారు? వాటిలో ఎన్ని నా సలహాలకి, ఎన్ని నా విసుగులకి? ఆవిడ వింటున్నారనుకునే, ఎదురుగా నిలబడి ధైర్యంగా అన్న మాటలు కూడా ఉన్నాయి. అన్నిటికీ ఆవిడ నవ్వుతూ తల ఊపారు.

మా ఆయనకి ఆ పూట ఏమీ చెప్పలేదు. మర్నాడు సోమవారం, ఇంటి నుంచి పని. ఆయన ఆఫీసుకి వెళ్ళాక కాఫీ కలిపి తెచ్చి, ఆవిడ స్టూల్ లాక్కుని, టీవీకీ సోఫాలో ఉన్న ఆవిడకీ మధ్య కూర్చున్నాను. కిటికీ వెలుతురు నా మొహం మీద పడేలా చూసుకున్నాను.

"మీకు నా మాట వినబడదు కదూ" అన్నాను.

"వినబడకేం. ఇప్పుడు వినబడలా?" అన్నారు. కళ్ళు మాత్రం నా పెదాల మీద ఉన్నాయి.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కాఫీ చల్లారిపోతోంది అన్నాను.

"చెయ్యి తియ్యి" అన్నారు. అంత గట్టిగా ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. చెయ్యి తీశాను. ఆవిడే తగ్గి, కాఫీ అందుకున్నారు.

"వాడి మాట వినబడుతుందమ్మాయ్. వాడిది బొంగురు గొంతు, వాళ్ళ నాన్న లాగే. నీది సన్నం. కుక్కరు కూతా, నీ మాటా ఒకేసారి పోయినయ్ నాకు. రెండేళ్ళయింది."

"ఎందుకు చెప్పలేదు?"

"మా అత్తగారికి చెవుడు" అన్నారు. కాఫీ ఒక గుక్క తాగారు. "ఆవిణ్ణి చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం. వెనకాల కాదు, ఎదురుగానే. వినబడదుగా. ఆవిడ కూడా మాతోపాటు నవ్వేది, ఏదో సరదా మాట చెప్పుకుంటున్నామనుకుని. అందరికంటే నేనే బాగా నవ్వించేదాన్ని. అందుకని కోడలికి చెప్పకూడదనుకున్నా. చెవిటిదని తెలిస్తే నువ్వూ నా ఎదురుగానే అంటావుగా."

నేను తల దించుకోబోయి ఆగాను. తల దించితే ఆవిడకి నా మాట అందదు.

"మరి విండ్సర్‌కి ఫోన్‌లో?" అని అడిగాను. ఆ స్థితిలో కూడా అడిగాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి.

"ఫోన్‌లో చిన్నకోడలి మొహం ఎదురుగా ఉంటుంది, నోరు కనబడుతుంది. ఆ తీగలు పెట్టుకుంటే కాస్త దగ్గరగా మోగుతుంది. తలుపు తీసి పెడితే సౌండ్ ఎంత గట్టిగా పెట్టుకున్నానో మీకు తెలిసిపోతుందని వేసుకునేదాన్ని."

"నా గురించి చెప్పేవారా?"

"చెప్పకేం, చెప్పాను. పెద్దమ్మాయి నన్ను చూసి ఏదో గొణుగుతుంటుందని చెప్పాను. నీ పెదాలు కదులుతాయి, మాట రాదు. వంటింట్లో అటు తిరిగి మాట్లాడతావు. నన్నే తిట్టుకుంటున్నావనుకునేదాన్ని. నీకు నేనంటే గిట్టదులే అనుకున్నా. అందుకే వాడు విండ్సర్ అనగానే మంచిది అన్నా."

ఏడు నెలలు ఒకే ఇంట్లో, ఒకే సోఫా మీద, ఇద్దరం ఒకరి మీద ఒకరం ఒకే కేసు కట్టుకుంటూ వచ్చాం. ఆవిడ సాక్ష్యాలు నావాటికంటే గట్టివి. నేను నిజంగానే గొణిగిన రోజులు ఉన్నాయి.

మీటింగ్ మొదలవుతోందని లోపల ల్యాప్‌టాప్ పిలుస్తోంది. ఆవిడకి అది వినబడలేదు. నేను లేవలేదు. చెవి డాక్టర్‌కి చూపిద్దామన్నాను, చెవి మిషన్లు ఇప్పుడు బఠాణీ గింజంత ఉంటాయన్నాను. ఆవిడ వింటూ, అంటే చూస్తూ, కాఫీ అంతా తాగారు. కప్పు కింద పెట్టి అడిగారు.

"నిన్న పళ్ళెం చాటున ఏమన్నావు?"

నా ఉద్యోగంలో అబద్ధాలు చెప్పేవాళ్ళతో రోజూ మాట్లాడతాను. వాళ్ళు తడబడే చోటు నాకు తెలుసు. ప్రశ్న విన్నాక ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను.

"వెళ్ళొద్దు, ఇక్కడే ఉండిపోండి అన్నాను."

ఆవిడ నా నోటి వైపు చాలాసేపు చూశారు. ఎదుటి టీమ్ పిచ్చర్‌ని చూసినట్టు చూశారు.

"పళ్ళెం చాటున చెప్పే మాటా అది?"

నేను స్టూల్ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మొహం ఎత్తి, ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాను.

"ఉండిపోండి అత్తయ్యా."

ఆవిడ చిరునవ్వు నవ్వారు. "అలాగేలేమ్మా" అన్నారు.

శనివారం ఆవిడ పెట్టెలోని చీరలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. ఫ్రిజ్ మీద మా వరసలో మొదటి స్థానం, రూల్స్‌కి విరుద్ధంగా, లెగ్ అంపైర్‌కి దక్కింది. అయితే ఆ రోజు ఆవిడ ఆ మాట నన్ను నమ్మి అన్నారో, అబద్ధం పట్టుకుని కూడా వదిలేసి అన్నారో, నాకు ఇప్పటికీ అనుమానమే.